నమూనా విదేశం

చిన్న సాంకేతిక సంస్థలు తొందరపడి విదేశాలకు వెళ్ళి దెబ్బతింటున్నాయన్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చింది. ఎన్ని వెళ్ళాయో, ఎక్కడికి వెళ్ళాయో, ఏం దెబ్బ తగిలిందో ఎవరూ అడగలేదు. ఇకమీదట దెబ్బ తగలకుండా చూడాలని మాత్రం అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. అలా విదేశ విపణి ప్రవేశ క్రమబద్ధీకరణ మండలి పుట్టింది. అంత పేరు పలకలేక జనం దాన్ని ప్రవేశ మండలి అన్నారు.

మండలి పుట్టాక మొదటి ఏడాది విదేశానికి వెళ్ళి దెబ్బతిన్న సంస్థ ఒక్కటీ లేదు. రెండో ఏడాదీ లేదు. అసలు వెళ్ళిన సంస్థే లేకపోవడం అందుకు కారణమని గిట్టనివాళ్ళు అన్నారు గాని, ఫలితాన్ని కాదనలేకపోయారు.

మండలి నియమావళి ప్రకారం పరాయి దేశపు బజారులో అడుగుపెట్టడానికి ఐదు మార్గాలున్నాయి. ఇక్కడ చేసిన సరుకు అక్కడికి పంపడం ఒకటి. అక్కడొక ఏజెంటును పెట్టుకోవడం రెండు. తయారుచేసుకునే హక్కును అక్కడివాళ్ళకే ఇచ్చేయడం మూడు. అక్కడివాళ్ళతో కలిసి కంపెనీ పెట్టడం నాలుగు. సొంత శాఖ తెరిచి అక్కడే కూర్చోవడం ఐదు. సంస్థ ఏదైనా సరే, ఏ మార్గం తనకు తగినదో మండలిచేత నిర్ణయింపజేసుకుని ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అది లేనిదే రేవులో పెట్టె కదలదు, బ్యాంకులో డబ్బు కదలదు. ధ్రువపత్రం కావాలంటే మాత్రం విదేశ విపణిలో పూర్వానుభవం ఉండాలి.

వేగేశ్న హైమవతికి ఆ అనుభవం లేదు. భీమవరంలో రొయ్యల మేత దుకాణం పై అంతస్తులో ఆమెకొక చిన్న కార్ఖానా ఉంది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి, అక్కడ చెరువుగంట అనే పరికరం తయారుచేస్తోంది. రొయ్యల చెరువులో ప్రాణవాయువు తగ్గితే అది రైతు ఫోనును మోగిస్తుంది. రైతు లేచి నీళ్ళను చిలికే ఏరేటర్లు వేసుకుంటాడు. రొయ్య బతుకుతుంది. ఆ పరికరం చేసేది అంతే, కాని చుట్టుపక్కల చెరువుల గట్ల మీద దానికి మంచి పేరుండేది. తరవాత ఒక పెద్ద కంపెనీ అలాంటిదే తెచ్చి, మేత కొన్నవాళ్ళకు ఊరికే ఇవ్వసాగింది. ఊరికే వచ్చేది సరిగా మోగకపోయినా ఎవరూ తిట్టరు. హైమవతి కార్ఖానాలో పని సగమయింది.

అటువంటి సమయంలో వియత్నాం నుంచి లాన్ అనే ఆవిడ ఉత్తరం రాసింది. కామావ్ దగ్గర రొయ్యల రైతుల సంఘానికి ఆమె కార్యదర్శి. ఎవరో బంధువు భీమవరం వచ్చినప్పుడు చెరువుగంటను చూశాడట. వచ్చే సీజనుకు చెరువుల్లో సీడ్, అంటే రొయ్యపిల్లలు, వదిలే లోపల రెండు వందలు కావాలంది. పెట్టెల్లో పంపుతారా, లేక మేమే ఇక్కడ చేసుకునేలా నేర్పుతారా, మీకు ఏది వీలైతే అది చెప్పండి అంది. ఆ ఆర్డరు దొరికితే కార్ఖానా నిలుస్తుంది. దొరక్కపోతే వేసవి దాటదు. ఆ సంగతి పైన పనిచేసే నలుగురికీ తెలుసు, కింద మేత అమ్మేవాడికీ తెలుసు.

హైమవతి ఆ ఉత్తరాన్ని చాలాసేపు చేతిలో పట్టుకు కూర్చుంది. మార్గాలన్నీ చివరికి ఒకే ప్రశ్నకు జవాబులని ఆమెకు తోచింది. పరాయివాణ్ణి ఎంతవరకు నమ్ముతావన్నదే ఆ ప్రశ్న. సరుకు పంపేవాడు డబ్బు మేరకు నమ్ముతాడు. కలిసి కంపెనీ పెట్టేవాడు కోపతాపాల మేరకు నమ్ముతాడు. తయారీ హక్కు ఇచ్చేవాడు తన ఆలోచననే అప్పగించి, అది అక్కడ పాడవకుండా ఉంటుందని నమ్ముతాడు. ఆమె సరుకు పంపుదామనుకుంది. నలుగురికి పని ఉంటుందన్నది కారణం. తన చేతిలోది ఇంకొకరి చేతిలో పెట్టలేకపోవడం కూడా కారణమేమోనన్న అనుమానం వచ్చింది గాని, దాన్ని ఆ పూటకు పక్కన పెట్టింది.

"దీనికింత ఆలోచనెందుకండి" అన్నాడు కరీముల్లా. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నాడు, ఇప్పుడు చెరువుగంటలో నడిచే ప్రోగ్రాము రాసేది అతనే. "పెట్టెల్లో సర్ది, పైన అడ్రసు రాసి, పంపేద్దామండి. మా పిన్నిగారు దుబాయికి ఆవకాయి అలాగే పంపుతారండి."

"ఆవకాయకు ధ్రువపత్రం అక్కర్లేదు."

"ఇంకా వాళ్ళ కంటబడలేదు గాబట్టండి."

మండలి అధ్యక్షుడు సత్యవోలు కామేశం తన గదిలో ఆమెను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. ఆయన బల్ల మీద గ్లోబు ఉంది. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు.

"ప్రవేశం అన్నది ఒక సంఘటన కాదమ్మా. అదొక సంస్కారం" అన్నాడు. "తమ సంస్థ ప్రస్తుతం ప్రవేశపూర్వ దశలో ఉన్నది. అనుభవరహితమైన సంస్థను మేము యథాతథంగా విదేశాభిముఖం చేయజాలము."

"అనుభవం రావాలంటే ముందు వెళ్ళాలి కదండి."

"వెళ్ళాలంటే అనుభవం ఉండాలి. సమస్య తమకు సరిగానే అవగతమైంది." ఆయన ముఖం విప్పారింది. "సరిగ్గా ఈ చిక్కుముడిని విప్పటానికే మండలి ఒక విదేశాన్ని నెలకొల్పినది."

హైమవతి సరిగా వినలేదేమోనని ఆయన మళ్ళీ చెప్పాడు. ఏలూరు దాటాక హైవే పక్కన, పొగాకు నిలవచేసే పాత గోదాముల ఆవరణలో మండలివారు ఒక నమూనా విదేశాన్ని ఏర్పాటు చేశారు. సంస్థలు ముందుగా అందులో ప్రవేశించి, అక్కడి బజారులో అనుభవం గడించి, ఆ తరవాత అసలు విదేశాలకు వెళ్ళవచ్చు. ఈత రానివాణ్ణి ముందు తొట్టిలో దింపడం వంటిదని ఆయన వివరించాడు.

"అక్కడ కొనేవాళ్ళెవరండి?"

"విదేశీయులు."

"వాళ్ళెక్కడి నుంచి వచ్చారు?"

"మత్స్యశాఖ, భూగర్భ జలశాఖ, కొంతమంది సర్వే డిపార్ట్‌మెంటు. అందరినీ డెప్యుటేషన్ మీద తీసుకున్నాము. క్రమశిక్షణ కలిగిన విదేశీయులమ్మా. అసలువాళ్ళను నమ్మలేము."

వారం తిరక్కుండానే హైమవతి కరీముల్లాను వెంటబెట్టుకుని విదేశానికి బయలుదేరింది. ఏలూరులో బస్సు మారి హనుమాన్ జంక్షన్ టికెట్టు తీసుకుని మధ్యలో దిగితే వస్తుంది. గేటు మీద జెండా ఎగురుతోంది. దాని రంగులు ఇంకా ఖరారు కాకపోవడం వల్ల తెల్లగుడ్డే కట్టారు. గేటు లోపల గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పి ఉంది. విదేశీయులు పొద్దున విదేశీ సమయానికి వచ్చి, సాయంత్రం భారతీయ సమయానికి వెళ్ళిపోయేవారు.

లోపల ఆమెకు కేటాయించిన వినియోగదారుడు బొడ్డు అప్పలస్వామి. పలాసవాడు, మత్స్యశాఖలో గుమాస్తా. ఇక్కడ రొయ్యల రైతు. అతని ముందొక సిమెంటు తొట్టి, అందులో సగందాకా నీళ్ళు ఉన్నాయి. రొయ్యలు ఇంకా మంజూరు కాలేదు. అతని పక్కన దుబాసీ కూర్చున్నాడు. విదేశీ భాషను ఖరారు చేసే సంఘం ఇంకా సమావేశాలు జరుపుతూనే ఉంది గనుక, అప్పటివరకు విదేశీయులు తెలుగునే ఆగి ఆగి మాట్లాడాలని తాత్కాలిక ఉత్తర్వు ఉంది.

"ఈ... పరికరం... ఏటి... సేత్తాది" అని అడిగాడు అప్పలస్వామి, నియమం ప్రకారం కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఈ పరికరం ఏం చేస్తుందని అడుగుతున్నారు" అన్నాడు దుబాసీ.

హైమవతి చెప్పింది. సెన్సారును తొట్టిలో వేసి, అతని ఫోనుకు కలిపి చూపించింది. ఆ నీళ్ళలో ప్రాణవాయువు పేరుకు కూడా లేదేమో, అప్పలస్వామి జేబులో ఫోను వెంటనే మోగింది. అతను ఉత్తర్వు మరిచిపోయాడు.

"ఇదేటమ్మా, ఇంత బాగున్నాది. మా బావమరిదికి బారువ కాడ సెరువున్నాది. మొన్న వానలప్పుడు రొయ్యంతా పోయింది. ఇది గానీ ఉండుంటే..." అని, దుబాసీ దగ్గడం విని, సర్దుకుని కూర్చున్నాడు. "మాకు... వొద్దు."

"వద్దంటున్నారు" అన్నాడు దుబాసీ.

"ఎందుకని?"

అప్పలస్వామి గొంతు తగ్గించాడు. "మొదట మూడు మార్లు వొద్దనమని రాసుందమ్మా. నానేటి సేత్తాను. నాలుగోమారు రండి, తప్పకుండా కొంటాను. ఈలోపల ఏటీ అనుకోకండి."

"మీరు విదేశీయులై ఎన్నాళ్ళయిందండి?" అని అడిగాడు కరీముల్లా, వచ్చే నవ్వును ఆపుకుంటూ.

"మొన్న దసరాకే బాబూ. మా ఆడది పలాసలో అందరికీ నాను ఫారిన్లో ఉన్నానని సెప్పుకుంటంది. శనివారం ఇంటికెల్తే ఏటి తెచ్చావని అడుగుతున్నారు."

నాలుగోసారి వెళ్ళేసరికి అప్పలస్వామి కొనడానికి సిద్ధంగానే ఉన్నాడు, దేశమే సిద్ధంగా లేదు. ఆ మధ్యలో విదేశీయులంతా తమకు విదేశీ భత్యం రావాలని అర్జీ పెట్టారు. సొంత రాష్ట్రంలో ఉన్నవాడికి విదేశీ భత్యమేమిటని ఆర్థికశాఖ కొర్రీ వేసింది. ఆ ప్రశ్న వేయకుండా ఉండవలసిందని తరవాత ఆర్థికశాఖే అనుకుని ఉంటుంది. కామేశం రాజధానిలో కూర్చుని ఉత్తర్వు తెచ్చాడు. సదరు గోదాముల ఆవరణ సర్వ ప్రయోజనాల నిమిత్తం విదేశంగా పరిగణింపబడును.

భత్యం వచ్చింది. దాని వెంట మిగతావీ వచ్చాయి. రోజూ టీ తెచ్చే నాగరత్నాన్ని గేటు దగ్గర ఆపి, ఫ్లాస్కులోది ఏ తరగతి కిందికి వచ్చే దిగుమతో చెప్పమన్నారు. ఆమె అల్లం టీ అంది. పక్క పొలంలో గేదె ఒకటి కంచె దాటి వస్తే, దాన్ని బలవంతంగా స్వదేశానికి పంపడానికి పశుసంవర్ధకశాఖ అనుమతి రావలసి వచ్చింది. అది వచ్చేలోగా గేదె అక్కడే ఈనింది. దూడ ఏ దేశపుదన్న విషయంపై అభిప్రాయం కోరారు. విదేశీయులకు పౌరుషం కూడా పుట్టుకొచ్చింది. తమ దేశపు డబ్బు బయటికి పోతోందని వాళ్ళ సంఘం తీర్మానం చేసింది. సరుకు దిగుమతిని నిషేధించారు.

"శుభ పరిణామం" అన్నాడు కామేశం. "ప్రతి పరిపక్వ దేశమూ దిగుమతులను నియంత్రించును. తమరు విదేశీ విపణి యొక్క యథార్థ స్వభావాన్ని చవిచూస్తున్నారు. తమ ప్రథమ మార్గం అనుభవపూర్వకంగా ముగిసినది. రెండవ మార్గాన్ని అవలంబించండి."

రెండో మార్గంలో దుబాసీ ఏజెంటు అయ్యాడు. అతని బల్లకూ అప్పలస్వామి బల్లకూ మధ్య ఒక మూర ఎడముంది. ఆ మూర మేర సరుకును చేరవేసేందుకు ఏజెంటు బజారు పరిశీలన జరపాలన్నాడు. పరిశీలన పూర్తికాకముందే భూగర్భ జలశాఖ అతన్ని వెనక్కి పిలిచింది. మూడో మార్గం అక్కడ కుదరదన్నారు. తయారీ హక్కు ఇద్దామంటే ఆ దేశంలో కార్ఖానా లేదు. మార్గం కుదరదని తెలుసుకోవడం కూడా అనుభవమేనని నమోదు చేసుకున్నారు. నాలుగో మార్గంలో కలిసి కంపెనీ పెట్టడానికి ఆ దేశంలో పెట్టుబడి ఉన్నది మండలి దగ్గరే గనుక మండలే భాగస్వామి అయింది. విదేశీయులు ఎలా ప్రవర్తించాలో మండలి రాసిపెట్టిన సంహితలో భాగస్వాములకు విభేద దశ అని ఒకటుంది. నిర్ణీత దినాన కామేశం వచ్చి, హైమవతితో మర్యాదగా విభేదించి, టీ తాగి వెళ్ళాడు.

ఇంత జరుగుతున్నా ఆమె ఎందుకు మానుకోలేదని కరీముల్లా అడిగేవాడు. ఆమె కూడా తనను తాను ప్రశ్నించుకునేది. ఒక మెట్టు ఎక్కినవాడికి దిగడం కన్నా మరో మెట్టు ఎక్కడమే తేలికగా కనిపిస్తుంది. ఇంతదాకా వచ్చాం, ఇంకొక్కటేగా అనిపిస్తుంది. మూర్ఖత్వం గేటు లోపల మాత్రమే ఉందనుకోవడం తనకు హాయిగా ఉందని, అది తన అలవాట్లలో ఎంతవరకు వచ్చి చేరిందో చూసుకోవడం హాయిగా లేదని ఆమెకు తెలుసు. లాన్ ఉత్తరాలు పొట్టివవుతున్నాయి. మొదటి ఉత్తరంలో చెరువుల సంగతులు, మనవరాలి సంగతులు ఉండేవి. ఈమధ్య వచ్చినదాంట్లో ఒక్క వాక్యమే ఉంది. సీడ్ వదిలే రోజు దగ్గరపడింది, మీ మాట కావాలి.

ఐదో మార్గంలో ఆమె నమూనా విదేశంలో శాఖ తెరిచింది. ఫ్యాను కింద ఒక బల్ల ఇచ్చారు. శాఖాధిపతి స్థానికంగా నివసించాలన్నారు గనుక పొద్దంతా అక్కడే కూర్చోవాలి. పక్క బల్ల నుంచి అప్పలస్వామి జీడిపప్పు తెచ్చి పెట్టేవాడు. ఈ దేశంలో తనకు నచ్చిన మనిషి అతనొక్కడేనని ఆమె అనుకునేది. మరుక్షణమే, ఇది దేశం కాదని గుర్తు చేసుకునేది. గుర్తు చేసుకోవడానికి రోజురోజుకూ కొంచెం ఎక్కువసేపు పట్టేది.

లాన్ ఉత్తరాలు రాయడం మానేసి తనే వచ్చింది. చెన్నైలో ఏదో ప్రదర్శనకు వచ్చి, అక్కడినుంచి రైల్లో ఏలూరు దిగి, కరీముల్లా స్కూటరు వెనక కూర్చుని గేటు దాకా వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, భుజాన గుడ్డసంచీ, కాళ్ళకు రబ్బరు చెప్పులు. ఆమెను గేటు దగ్గర ఆపేశారు. వీసా చూపించింది. అది భారతదేశపు వీసా, ఇక్కడ చెల్లదన్నారు.

అసలు విదేశీయురాలు వచ్చిందన్న వార్త విని నమూనా విదేశీయులంతా కంచె దగ్గర గుమిగూడారు. వాళ్ళలో ఒక్కరూ అంతకుముందు విదేశీయుల్ని దగ్గరగా చూడలేదు. కామేశం కారులో హుటాహుటిన వచ్చాడు.

గేటుకు లోపల హైమవతి, బయట లాన్. లాన్ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది గాని అందులో వృథాగా పోయే ముక్క ఉండదు.

"ఎన్ని ఇవ్వగలరు?" అంది.

"రెండు వందలు తయారుగా ఉన్నాయి."

"ఎప్పుడు పంపుతారు?"

హైమవతి కామేశం వైపు చూసింది. కామేశం లాన్‌ను పరీక్షగా చూస్తున్నాడు. చేతిలో విదేశీయుల ప్రవర్తనా సంహిత ఉంది.

"ఈవిడ ప్రవర్తన సంశయాస్పదంగా ఉన్నదమ్మా" అన్నాడు. "ప్రథమ సమావేశంలోనే కొనుగోలుకు సంసిద్ధత చూపుతున్నారు. తిరస్కార దశ లేదు. వాతావరణం గురించిన ప్రస్తావన లేదు. పైగా నడిచి వచ్చారు."

"నా స్కూటరు మీదొచ్చారండి" అన్నాడు కరీముల్లా.

"అది మరీ అసంగతం. మండలి గుర్తింపు లేని విదేశీయులతో జరిపిన వ్యవహారం అనుభవం కింద పరిగణింపబడదు."

అప్పలస్వామి ఉండబట్టలేకపోయాడు. "సారూ, ఆవిడ నిజంగా వియత్నామండి. మొకం చూస్తే తెలవట్లేదా."

"ఏ శాఖ నుంచి డెప్యుటేషన్?" అన్నాడు కామేశం.

అప్పుడు హైమవతికి ఒక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళూ వాళ్ళ తర్కంలో బతికింది గనుక అందులో తలుపు ఎక్కడుందో తెలిసింది.

"అధ్యక్షులు గారూ, ఈ ఆవరణ సర్వ ప్రయోజనాలకూ విదేశమే కదండి."

"సందేహం లేదు."

"నేను ఐదో మార్గంలో ఇక్కడ నివాసం ఉంటున్నాను. నా శాఖ ఇక్కడి శాఖ. నేను ఇక్కడినుంచి వియత్నాంకు అమ్మితే అది ఒక విదేశం నుంచి ఇంకో విదేశానికి పోయే సరుకు. భారతదేశపు ధ్రువపత్రంతో దానికి పనేముంది?"

కామేశం సంహిత మూశాడు. కళ్ళు మూశాడు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"అద్భుతమమ్మా. మన విదేశం ఎగుమతులు చేసే స్థాయికి ఎదిగినది. నేను బ్రతికుండగా చూస్తాననుకోలేదు."

"అయితే పెట్టెలు పంపించవచ్చా?"

"తప్పక. అయితే ఈ దేశపు చిన్న సంస్థలు తొందరపడి పరదేశాలకు పోయి దెబ్బతినరాదు కదా. ఈ దేశానికొక ప్రవేశ మండలి అత్యవసరము. దాని ధ్రువపత్రానికి పూర్వానుభవము అవసరము. పూర్వానుభవానికి..." ఆయన వెనక్కి తిరిగి ఆవరణలో మిగిలిన గోదాముల వైపు చూశాడు. చివరిది, కప్పు ఎగిరిపోయినది, ఖాళీగా ఉంది. "దానిలో వీరికొక నమూనా విదేశాన్ని నెలకొల్పవచ్చును. ఇప్పుడే ప్రతిపాదన రాస్తాను." ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ చివరి గోదాముకు ఎవరిని పంపుతారో, అక్కడ భత్యం రెట్టింపు ఉంటుందో లేదో తేల్చుకోవడానికి విదేశీయులు కూడా వెళ్ళిపోయారు.

లాన్ గడియారం చూసుకుంది. గేటు లోపలి గడియారం కాదు, తన చేతిది. రైలుకు ఎక్కువ సమయం లేదు. జరిగినదంతా కరీముల్లా తనకు తెలిసిన ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె నవ్వలేదు. మా దగ్గరా ఇటువంటివాళ్ళు ఉన్నారంది. కాని సీడు ఆగదు, ఏదో ఒకటి కొనుక్కోవాలి, ఏమీ అనుకోవద్దంది.

ఆ మాటకు హైమవతి కదిలింది. ఇన్ని నెలలుగా తనకు కాదని చెప్పినవాళ్ళంతా కాదని చెప్పమని నియమించబడినవాళ్ళు. ఈ మనిషి ఒక్కతే తనంతట తాను వచ్చి, తనంతట తాను కాదని వెళ్ళిపోగలది. పరాయి అంటే ఇదేనని, తాను భయపడినంత దూరంలో అది లేదని ఆమెకు అర్థమైంది. బల్ల మీద ఉన్న చెరువుగంటను తెచ్చి, గేటు ఊచల దగ్గర నేల మీద కూర్చుని, మరలు విప్పసాగింది.

"చూడండి" అంది లాన్‌తో.

లాన్ బయట గొంతుకూర్చుంది. ఊచలు ఆపేది వస్తువుల్నే. హైమవతి ఒక్కొక్క భాగమే చూపిస్తూ చెప్పింది. సెన్సారు మీది పొర ఎందుకు తొందరగా పాడవుతుందో, ఉప్పునీటికి దాన్ని ఎలా మార్చుకోవాలో చెప్పింది. మబ్బు రోజున లెక్క ఎలా తప్పుతుందో చెప్పింది. ఇవన్నీ ఆమెకు ఏళ్ళు పట్టిన సంగతులు. లాన్ మధ్యమధ్య అడిగేది. అడిగినవన్నీ సరైన చోటే అడిగింది.

"మేడమ్ గారూ, అంతా చెప్పేస్తన్నారండి" అన్నాడు కరీముల్లా.

"తెలుసు."

"ప్రోగ్రాము కూడానాండి?"

"అది నీది. నువ్వే చెప్పాలి. వద్దనుకుంటే వద్దు."

కరీముల్లా గేటు ఊచ పట్టుకుని కాసేపు రోడ్డు మీద పోతున్న లారీలను చూశాడు. "మరి మనమేం చేద్దామండి" అన్నాడు. ఆ తరవాత తనూ చతికిలబడి, జేబులోంచి ఫోను తీశాడు.

చేసుకునే ప్రతి చెరువుగంటకూ ఇంత అని పంపుతానంది లాన్. చేతులు ఊచల మధ్యనుంచి కలిశాయి. స్కూటరు వెళ్ళిపోయింది.

లాన్ మాట తప్పలేదు. సీజను మొదలయ్యేసరికి కామావ్ చెరువుల్లో గంటలు మోగాయి. ఆమె డబ్బు పంపింది కూడా. మూడో మార్గంలో వచ్చే డబ్బుకు మూడో మార్గపు ధ్రువపత్రం కావాలని బ్యాంకు ఆపేసింది. మండలి రికార్డుల్లో హైమవతి మూడో మార్గం కుదరని సంస్థ. వేసవి నడుమ కార్ఖానా మూతపడింది. తయారై ఉన్న రెండు వందల చెరువుగంటలు మేత దుకాణం వెనక గదిలోకి చేరాయి. నలుగురిలో ఇద్దరు రొయ్యల ప్యాకింగ్ షెడ్డుకు వెళ్ళారు, ఒకరు ఆటో కొనుక్కున్నారు. చివరి గోదాములో కొత్తగా వెలసిన రెండో నమూనా విదేశానికి కాంట్రాక్టు మీద విదేశీయులు కావాలని ప్రకటన పడితే, కరీముల్లా దరఖాస్తు చేశాడు.

"తిట్టుకోకండి మేడమ్ గారూ. పిల్ల ఫీజు కట్టాలండి" అన్నాడు. "పనేమీ ఉండదండి. వచ్చినవాళ్ళని వద్దనాలంతే."

"నీకు వద్దనడం రాదుగా."

"ట్రైనింగు ఇస్తారంటండి."

ఏడాది చివర్లో మండలి వార్షిక నివేదిక వెలువడింది. ఐదు మార్గాలనూ విజయవంతంగా పూర్తిచేసిన మొట్టమొదటి సంస్థగా హైమవతి సంస్థను ప్రశంసించి, సభ చేసి శాలువా కప్పారు. మన సంస్థలు ప్రపంచస్థాయి పరికరాలను ఎందుకు రూపొందించలేకపోతున్నాయన్నది ఆ సభలో చర్చనీయాంశం. ఆమెను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె ఒక మాట మాట్లాడి కూర్చుంది. నమస్కారం అన్నది ఆ మాట.

తరవాత ఒకరోజు లాన్ ఫోను చేసింది. సంఘం వాళ్ళు గంటలను బయటి దేశాలకు అమ్మాలని నిశ్చయించారట. మొదట భీమవరం. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చుని మాట్లాడుకుని, అక్కడొక ఏజెంటును పెట్టుకోవడం మంచి మార్గమని తేల్చారట. నువ్వు చేస్తావా అని అడిగింది. హైమవతి అది అవమానమా, గౌరవమా అని వెతుక్కుంది. రెండూ కాదు, అదొక పని అని తెలిశాక, సరేనంది.

పెట్టెలు విశాఖ రేవులో దిగాయి. విదేశీ సరుకును ఆపే మండలి ఏదీ లేదు గనుక అవి ఇట్టే వచ్చేశాయి. హైమవతి ఒకటి విప్పి చూసింది. సెన్సారు మీది పొరను తాను చెప్పినదానికన్నా బాగా అమర్చారు. తనకు ఎప్పుడూ కుదరని మూత ఇప్పుడు నీరు చొరకుండా బిగిసింది. తన ఆలోచనే ఇంత శుభ్రంగా, ఆరోగ్యంగా తిరిగి రావడం చూసి, ఆమెకు ఈర్ష్య కలగలేదు. కలగలేదని రెండుసార్లు నిర్ధారించుకోవలసి వచ్చింది.

మొదటి గంటను కాళ్ళ గ్రామం దగ్గర పెన్మెత్స రంగరాజు చెరువులో బిగించింది. ఆయన మేతతో ఊరికే వచ్చినదాన్ని నమ్ముకుని, ఒక పంట పోగొట్టుకున్నవాడు. గట్టు మీద నిలబడి, ఫోను మోగడం విని, మళ్ళీ ఒకసారి మోగించమని విని, తృప్తిగా తలూపాడు.

"ఎంతైనా ఫారిన్ సరుకు ఫారిన్ సరుకేనమ్మా. ఆ బిగింపు చూడండి. మనోళ్ళకి ఈ జన్మకి రాదు" అన్నాడు. అంతలోనే ఏదో జ్ఞాపకం వచ్చినట్టు అడిగాడు. "అవునూ, మీరూ ఇలాంటిదేదో చేసేవారు కదమ్మా. మా బావగారి చెరువులో ఉండేది. బాగానే పనిచేసేది పాపం. అదేమయ్యింది?"

హైమవతి చేతికంటిన బురదను గట్టు గడ్డికి తుడుచుకుంది.

"అది విదేశానికి వెళ్ళిపోయిందండి" అంది.

"మంచి పని చేసిందమ్మా" అన్నాడు రంగరాజు. "ఇక్కడుండి మాత్రం ఏం బాగుపడుద్ది."